నూటికి నూరు మందిలో నేను

మూల్యాంకన అధికారి గారికి,

అయ్యా, పేదింటి యువతకు ప్రభుత్వ ఖర్చుతో నేర్పే ప్లంబింగ్ పనిలో శిక్షణ పూర్తి చేసినదాన్ని. మీరు మా కేంద్రాన్ని పరిశీలించడానికి వచ్చిన రోజు నేను వాష్‌బేసిన్ కింద దూరి ఉన్నాను. "పెద్దాయన వచ్చే వేళయింది, ఈ నీళ్ళు కారడం కాస్త ఆపి పెట్టమ్మా" అని మేనేజరు గారు బతిమాలితే వెళ్ళాను. నా చేతిలో పానా చూసి మీరు "పనిలో ఉన్నావన్నమాట" అన్నారు. అవునండీ అన్నాను. నేను చేసిన పొరపాటు అదే.

మీ నివేదికలో మా బ్యాచి నూటికి నూరు మందికీ ఉద్యోగాలు వచ్చేశాయి. పని దొరకనివాళ్ళకు పనిముట్ల పెట్టె ఇస్తారంటే ఆఫీసుకు వెళ్ళాను. పెట్టె లేకుండా వెళితే ప్లంబరునంటే ఎవరూ నమ్మరు.

"నీకు ఉద్యోగం ఉంది కదమ్మా" అన్నారు గుమాస్తా గారు.

"లేదండీ."

"నువ్వు లేదంటే సరా? ఇక్కడ అచ్చయిపోయింది."

ఆ మాట ఇంట్లో చెప్పడం నా బుద్ధి తక్కువ. ఉద్యోగం వచ్చిన సంగతి దాచానని మా అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

తమరిని తప్పుపట్టేంతదాన్ని కాను. చదువుకున్నవారు, ఏదో చూసే రాసి ఉంటారు. అందుకే నివేదిక మార్చమని అడగడం లేదు. నా ఉద్యోగం ఎక్కడుందో ఒక్క ముక్క రాయించండి. సోమవారం పొద్దున్నే వెళ్ళి చేరతాను.

ఇట్లు,
మీ నివేదిక ప్రకారం ఉద్యోగిని