మెస్సులో చదివిన నోటుబుక్కు

షమీమ్,

హాస్టల్లో మనం చూసిన ఆ అంతరిక్ష నౌక సీరియల్ నిన్నటితో అయిపోయింది. చివరి భాగంలో కెప్టెన్ ఆ మెకానిక్ పిల్ల చెయ్యి పట్టుకుని "మొదటి నుంచీ నువ్వే" అంది. ఇద్దరూ ఆడవాళ్లే. నువ్వు పదేళ్ల కిందటే చెప్పావు.

"ఇంజిన్ చెడిపోయినప్పుడల్లా కెప్టెనే కిందికి పోతాది, చూడు. ఇంజిన్ కోసం కాదు, ఆ పిల్ల కోసం" అన్నావు. ఇలాంటివన్నీ నోటుబుక్కులో రాసి నాకొక్కదానికే ఇచ్చావు. నేను మెస్సులో అందరి ముందూ గట్టిగా చదివి నవ్వాను. నువ్వు సగం తిన్న పళ్లెం వదిలి లేచి వెళ్లిపోయావు. మళ్లీ నా పక్కన కూర్చోలేదు.

ఈరోజు బత్తలపల్లె బడిలో, నాతో పనిచేసే లత సీరియల్ మాటెత్తి "ఇట్లయితాదని ఎవరనుకున్నారక్కా!" అంది.

"నేనెప్పుడో కనిపెట్టినా" అనేశాను.

ఆ తర్వాత పాఠం సాగలేదు. బెల్లు కొట్టగానే ఆమె దగ్గరికి వెళ్లి, "కనిపెట్టింది నేను కాదు, నా స్నేహితురాలు షమీమ్. నేను నవ్వినా" అన్నాను.

"ఆయక్క యాడుంది ఇప్పుడు? ఫోన్ చేసి చెప్పు!"

నువ్వు పోయి రెండేళ్లయిందని చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాను. నువ్వు రాసింది మనిద్దరి గురించేనని చదువుతున్నప్పుడే నాకు తెలుసు. భయపడి నవ్వాను, షమీమ్.