రెండు బోర్డులు

జనవరి 20, సోమవారం

ప్రభు మళ్ళీ బోర్డు మార్చాడు. నాది 'నిర్మల స్పోకెన్ ఇంగ్లిష్' కదా, వాడిదిప్పుడు 'ప్రభు రియల్ స్పోకెన్ ఇంగ్లిష్'. అంటే నాది డూప్లికేటా? పొద్దున్నే వాడి మొహం చూడాల్సి రావడం నా ఖర్మ.

ఈ ఊళ్ళో రెండు వర్గాలు. ఒక వర్గం పిల్లలు నా ట్యూషన్‌కి, రెండో వర్గం పిల్లలు ఎదురుగా వాడి దగ్గరికి. ఎవరు బాగా చెబుతారో ఎవరికీ అక్కర్లేదు. నేనుండే అద్దిల్లు గోపాలకృష్ణయ్య గారిది కాబట్టి నేను ఆయన వర్గం. అంతే.

జనవరి 24

రిపబ్లిక్ డేకి బళ్ళో పోటీ. తికమకపెట్టే ఇంగ్లిష్ మాటల్లో ఏది ఎక్కడ వాడాలో పిల్లలు చెప్పాలి. జడ్జిలం నేనూ, వాడూ. ఇద్దరూ ఒప్పుకుంటేనే మార్కట. గొడవలంటే హెడ్మాస్టరుకి భయం.

జనవరి 26, మధ్యాహ్నం

చివరి ప్రశ్న దాకా సమానం. పక్కవాళ్ళ పెన్ను కావాలంటే 'కెన్ ఐ' తర్వాత బారో అనాలా, లెండ్ అనాలా? గోపాలకృష్ణయ్య గారి మనవరాలు వెన్నెల లెండ్ అంది. ప్రభు దగ్గర చదివే మానస బారో అంది. ప్రభు బారోయే కరెక్టన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. గోపాలకృష్ణయ్య గారు ముందు వరసలోనే కూర్చున్నారు. వాణ్ణి తప్పు పట్టాలని నాకెంత ఉందో దేవుడికే తెలుసు. కానీ తీసుకునేది బారో, ఇచ్చేది లెండ్. వారమంతా వెన్నెలకి నేను చెప్పిందీ అదే.

ప్రభు చెప్పిందే రైటన్నాను. నోరంతా చేదైపోయింది. పెద్దాయన కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు.

జనవరి 27

ఒక్కరూ రాలేదు.

జనవరి 28

పెద్దాయన భార్య కొండమ్మ వచ్చింది. నిన్నటిదాకా టీచరమ్మా అన్న మనిషి ఇవాళ ఏమే అంది. ఇల్లు ఖాళీ చెయ్యాలట. వెన్నెల చెప్పింది తప్పండీ అన్నాను.

"ఇంగ్లీషు సంగతి ఎవురడిగారే? మా ఇంట్లో ఉండి మా పిల్లనే ఓడిస్తావా?"

జనవరి 30

ప్రభు షట్టర్ మూడ్రోజులుగా మూసే ఉంది. గెలిచిన సంబరంలో పిల్లల్ని ఎటో టూర్ తీసుకెళ్ళుంటాడు. నా కడుపు మండిపోతోంది.

ఫిబ్రవరి 1, సాయంత్రం

సామాను కడుతుంటే ప్రభు వచ్చాడు. రోడ్డు దాటి నా గడప దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. థాంక్స్ చెబుతాడనుకున్నాను.

"నన్ను రైటనమని నిన్నెవురడిగారు?" అన్నాడు.

ఎదుటి వర్గం టీచర్ వెనకేసుకొచ్చిందంటే ఇద్దరికీ లోపాయికారీ ఏదో ఉందని వాడి వర్గంవాళ్ళూ పిల్లల్ని మానిపించేశారట.

"ఒక్కసారి తప్పని చెప్పుంటే ఇద్దరం బతికేవాళ్ళం కదా" అన్నాడు. తలుపేసేశాను. చానాసేపు ఏడ్చాను.

ఫిబ్రవరి 2

మాచర్లకి మా ఇద్దరికీ కలిపి ఒకటే ఆటో దొరికింది. రెండు బోర్డులూ పైన కట్టారు. ఎదురెదురుగా కూర్చున్నాం.

దారిలో వాడు నా పవర్ బ్యాంక్ అడిగాడు. ఇవ్వలేదు.