ఇరవై ఎనిమిది కాదు, పంతొమ్మిది

అన్నయ్యా, నేను కులాసాగానే ఉన్నాను, కార్డు చూసి కంగారు పడకు.

పెట్రోలు కాజేస్తున్నాడని నువ్వు పనిలోంచి తీసేసిన డ్రైవరు బాబాయి దొంగ కాదు. నలుగురి ముందూ డిక్కీ వెతికించావట, వదిన రాసింది. "అమ్మాయి చెప్పిన లెక్క మనం తిరిగే ఈ హైవే మీద రాదు బాబూ" అని ఆయన మొత్తుకున్నా వినలేదట.

పెట్రోలూ బ్యాటరీ రెండిటితో నడిచే మన హైబ్రిడ్ కారు లీటరుకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు ఇస్తుందని చెప్పింది నేనే. అది మా కార్ల కంపెనీ టెస్టింగు షెడ్డులో, ఏసీ కట్టేసి, ఉన్నచోటే చక్రాలను రోలర్ల మీద తిప్పితే వచ్చిన లెక్క. మొన్న అలాంటి కారులోనే నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని హైవే మీద నడిపాను. ట్యాంకు మూతిదాకా నింపి, మీటరు సున్నా చేసి, తిరిగొచ్చి అదే బంకులో మళ్ళీ నింపాను. పంతొమ్మిది వచ్చింది. బాబాయి చెప్పిందీ పంతొమ్మిదే. ఊళ్ళో ఆగుతూ సాగుతూ పోతే బ్యాటరీ ఆదుకుంటుంది. హైవే మీద ఏకబిగిన పోతే మన పాత పెట్రోలు కారుకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇలా కొలవడం చిన్నప్పుడు నాకు నేర్పింది ఆయనే.

అమ్మ కళ్ళద్దాలు మార్పించావా? మేడ గది ఇంకా కురుస్తోందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా ఊలు కోటు పంపు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

తప్పు నాదని బాబాయికీ కార్డు రాశాను. నాలుగు రోజులు ఆగి పోస్టు చేస్తాను. అది చేరేలోపు నువ్వు ఆయన గుమ్మంలో ఉండాలి.

నీ చెల్లెలు