స్థాపకుడి గడి

జనవరి 16, 1995. సోమవారం.

ముందుమాటలో మొదటి వాక్యానికే ఒళ్ళు మండింది. అన్ని మతాలూ చెప్పేది ఒక్కటేనట. రాసింది పాఠ్యపుస్తకం కమిటీ చైర్మన్ ఫాదర్ డెవెనిష్. ఒక్కటే అయితే ఐదు చాప్టర్లు దేనికండీ, ఒక పేజీ వేసి ఊరుకుందాం అన్నాను. ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడంటే ఆ విషయం అక్కడితో ముగిసినట్టు.

ఒకరు చచ్చాక మళ్ళీ పుడతావంటారు. ఒకరు బతుకు ఒక్కటే, ఆపైన తీర్పు అంటారు. ఇంకొకరు పుట్టడానికీ చావడానికీ అసలు నువ్వనేవాడివే లేవంటారు. ఈ ముగ్గురూ ఒకటే చెబుతున్నారనేవాడు ముగ్గురిలో ఒక్కడి మాటా వినలేదు. దాన్ని సహనం అనకండి. చెవుడు అనండి.

పుస్తకం పేరు ప్రపంచ మతాలు. మూడో ఫారం పిల్లలకు. చాప్టర్లు ఐదూ నేనే రాశాను, ఆర్నెల్లు కూర్చుని. బళ్ళో పాఠాలు చెప్పేవాడు, పేపర్లో కాలమ్ రాసేవాడు, ఏ దేవుణ్ణీ నమ్మనివాడు, కాబట్టి ఎవరి వైపూ మొగ్గడని విద్యాశాఖవాళ్ళ ఆశ. ఏ మతం చాప్టర్ని ఆ మతం పెద్ద చదివి సంతకం పెట్టాలన్నది రూలు. ఇవాళ చదివారు. చర్చి తోటల్లో బానిసలుండేవారన్న వాక్యాన్ని ఫాదర్ కొట్టేశాడు. కులం మీద రాసిన పేరా మొత్తాన్ని సూచిత్ పండిత్ కొట్టేశాడు. మసీదులో ఆడవాళ్ళు ఎక్కడ నిలబడతారన్న మాటను ఇమామ్ హనీఫ్ కొట్టేశాడు. ఎర్ర కలం ఒక్కటే ఉంటే ఒకరి తర్వాత ఒకరు అడిగి తీసుకుని మరీ కొట్టారు. సర్వమత సామరస్యం నాకు అక్కడ కనిపించింది. బౌద్ధులకూ యూదులకూ సంతకం పెట్టే పెద్దలు ఈ దీవిలో దొరకలేదు. ఆ రెండు చాప్టర్లే నేను రాసినట్టు మిగిలాయి.

ఆఖరి పేజీలో ఒక డబ్బా కట్టి ఉంది. అది నేను రాసింది కాదు. స్థానిక ఆచారాలు, మూఢనమ్మకాలు అని శీర్షిక. అందులో దయ్యాల తర్వాత, దిష్టికి ముందు, స్పిరిచువల్ బాప్టిస్టులు. బ్రాకెట్లో, షౌటర్లు.

మా అమ్మ.


జనవరి 17.

అరిచేవాళ్ళట. చెవిటివాళ్ళ ఊళ్ళో అరవక ఏం చేస్తారు.


ఫిబ్రవరి 6. సోమవారం.

ఆరో చాప్టర్ కావాలన్నాను. ఫాదర్ పుస్తకం చివరి చార్ట్ నా ముందుకు తోశాడు. నాలుగు గడులు: స్థాపకుడు, గ్రంథం, ఆరాధనా స్థలం, ముఖ్య బోధ. వీటిని నింపి చూపించు నాయనా అన్నాడు. గ్రంథం బైబిలే అన్నాను. అయితే మీరు మావాళ్ళేగా, నా చాప్టర్లో ఒక లైను ఇస్తాలే అన్నాడు. మీవాళ్ళే అయితే ముప్ఫై నాలుగేళ్ళు వాళ్ళ పూజ నేరమని చట్టం నడుస్తుంటే మీ పీఠం ఎందుకు నోరు మెదపలేదు అన్నాను. మళ్ళీ నవ్వాడు.

పండిత్‌కి మజా వచ్చింది. చెంబు మాది, ఇత్తడి పళ్ళెం మాది, రంగు జెండాలు మావి, ఇంక వాళ్ళ సొంతం ఏముంది జోఫీల్డ్ మాస్టారూ అన్నాడు. ఉన్నవన్నీ పట్టుకుపోండి పండిత్‌జీ, మీ తాతల్ని చెరుకు తోటలో దించినవాళ్ళే మా అమ్మని జైల్లో పెట్టారు, ఇంకా చెంబు దగ్గరే తగువా అన్నాను. ఆయన నా ముందున్న శనగల పొట్లం దగ్గరికి లాక్కుని తినడం మొదలెట్టాడు.

ఇమామ్ ఒక్కడే ఉపవాసంతో పెదవులు ఎండిపోయి కూర్చున్నాడు. రాయనివ్వండి, వాళ్ళ పెద్ద ఎవరైనా వచ్చి మనందరిలాగే సంతకం పెడితే నాకేం అభ్యంతరం లేదు అన్నాడు. ఫాదర్ వెంటనే ఒప్పేసుకున్నాడు. ఆ వెంటనేలోనే ఉంది ఆయన ధీమా. అలాంటివాళ్ళు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఏసీ గదికి రారని. గడువు మార్చి 20. సంతకం లేకపోతే డబ్బా ఉంటుంది, చాప్టర్ ఉండదు.

ఆ పెద్ద మా అమ్మేనని నేను చెప్పలేదు. అడిగితే కదా.


ఫిబ్రవరి 27. కార్నివాల్ సోమవారం.

శాన్ ఫెర్నాండో అంతా వీధిలో ఊగుతోంది. నేను కిటికీలు మూసి రాస్తున్నాను. ఇవాళ ఎంతమంది ఒళ్ళు ఊపినా కేసు లేదు. అప్పట్లో మా అమ్మ ఊపితే కేసు.

1917 నుంచి 1951 దాకా. గంట మోగిస్తే నేరం. తలకు తెల్లగుడ్డ కట్టి కొవ్వొత్తి పట్టుకుంటే నేరం. ఫిఫ్త్ కంపెనీ, మా ఊరు, 1946. నాకు మూడేళ్ళు, అమ్మ గౌను పట్టుకుని ఉన్నాను. గంట లాక్కున్న చెయ్యి గుర్తుంది, మొహం గుర్తులేదు. వారం రోజులు అమ్మ ఇంటికి రాలేదు. పాత కోర్టు రిజిస్టర్ వెతికితే పేరు దొరికింది: కానిస్టేబుల్ ఆబ్రే పాంటిన్. మొదటి పేజీలో పేరుతో సహా వేశాను. చట్టానికి మొహం ఉండదంటారు. ఉంటుంది. బూట్లు కూడా ఉంటాయి.

పధ్నాలుగు పేజీలు. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు.


మార్చి 5. ఆదివారం, మధ్యాహ్నం 2.

అమ్మ చదివింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి, రెండు గంటలు. డెబ్భై నాలుగేళ్ళు, కళ్ళద్దాలు వద్దంటుంది. అరుగు మీద పాపా జోబ్ కందికాయలు ఒలుస్తున్నాడు. నా పదిహేనో ఏట నుంచీ ఆయన ఆ అరుగు మీదే ఉన్నాడు. ప్రతి ఆదివారం అమ్మకి గొడుగు పట్టుకుని చర్చికి తీసుకెళ్ళే ముసలాయన. ఆయనకు అంతకుమించి పనేమిటో నేనెప్పుడూ ఆలోచించలేదు.

చదివి, అమ్మ కాగితాలు దొంతరగా సర్దింది. పధ్నాలుగు పేజీల్లో పోలీసోడు పదకొండుసార్లు వచ్చాడు, పరిశుద్ధాత్మ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పరా చూద్దాం అంది.

వెతికాను. ఒక్కసారీ లేదు.

అది చరిత్రమ్మా అన్నాను. నన్ను కొట్టినోడి చరిత్ర రాశావు, నేను దేనికోసం దెబ్బలు తిన్నానో అది రాయలేదు అంది. గంట ఎందుకు మోగిస్తామో తెలుసా నీకు అని అడిగింది. తెలియదు. బుద్ధుడి అష్టాంగ మార్గం వరసగా అప్పజెప్పగలను. జకాత్ దానం ఎంతో, ఎవరికివ్వాలో చెప్పగలను. మా అమ్మ గంట ఎందుకు మోగిస్తుందో తెలియదు.

తర్వాత పెన్ను అడిగింది. ఆబ్రే పాంటిన్ అన్న పేరు కొట్టేసింది. ఆ పేరు తీస్తే సంతకం పెడతానంది.


అదే రోజు, సాయంత్రం 6.

అరిచాను. నువ్వూ ఆ ఫాదర్ ఒకటే, ఆయన బానిసల్ని కొట్టేశాడు, నువ్వు పోలీసుని కొట్టేస్తున్నావు అన్నాను. గొంతు తగ్గించు, ఇంతకీ షౌటర్లం మేమా నువ్వా అంది. అరుగు మీద ముసలాయన వేళ్ళు ఆగిపోయాయి.

అమ్మ గడ్డంతో అటు చూపించింది. జోబ్ అన్నది ఆయన దీక్షలో నేల మీద ఉన్నప్పుడు నేనిచ్చిన పేరు, వాళ్ళమ్మ పెట్టిన పేరు నువ్వు రాసిందే అంది.

1958లో ఒకరోజు చర్చి గుమ్మం ముందు వచ్చి నిలబడ్డాడట, గోనెసంచిలో గంటతో. లోపలికి రమ్మంటే రాలేదట. మూడు ఆదివారాలు బయటే నిలబడ్డాడట. నాలుగో ఆదివారం అమ్మే ఏట్లోకి దించి బాప్తిస్మం ఇచ్చింది. ఆ తర్వాత కళ్ళకు పట్టీలు తనే కట్టి వారం రోజులు ప్రార్థన దీక్షలో మట్టినేల మీద పడుకోబెట్టింది. మా చర్చిలో ఇప్పుడు మోగే గంట అదే.

వానల్లో ఆ గొడుగు కిందే నేను బడి బస్సు దాకా నడిచాను. ఆయన ఒలిచిన కందులు ఇందాక రెండోసారి వడ్డించుకు తిన్నాను.


మార్చి 6.

నాకెవరూ ఎందుకు చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు కాబట్టి. ఈ జవాబు నాకు నచ్చలేదు.


మార్చి 11. శనివారం.

వారమంతా అమ్మతో మనసులోనే వాదించాను. నువ్వు క్షమించావు, సరే. క్షమించే హక్కు నీది. పేజీ మాత్రం పిల్లలది. పేరు తీసేస్తే ఆ చట్టం ఎవరూ చేయని పనవుతుంది, వానలా వచ్చి పోయినట్టు. ఈ దీవిలో జరిగిన ప్రతి దారుణమూ అలాగే కర్మణి వాక్యాల్లో జరిగింది. కొట్టబడ్డారు. మూయబడ్డాయి. ఎవడు కొట్టాడు? ఎవడు మూశాడు?

ఇవాళ పొద్దున్నే తలుపు తీస్తే పాపా జోబ్. ఫిఫ్త్ కంపెనీ నుంచి రెండు మాక్సీ టాక్సీలు మారి వచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. పేరు ఉంచు మాస్టారూ, మీ అమ్మతో, మా చర్చి మదర్‌తో, నేను చెప్పుకుంటా అన్నాడు. కానీ రెండుసార్లు రాయి. లాక్కున్నప్పుడు ఒకసారి, తిరిగిచ్చినప్పుడు ఒకసారి. ఒక్కసారే రాసినా అబద్ధమే, అసలు రాయకపోయినా అబద్ధమే.

ఎందుకు తిరిగిచ్చావు అని అడిగాను. ఇంటర్వ్యూలో అడిగినట్టే అడిగాను, మర్యాద లేకుండా. స్టేషన్ అల్మారాలో ఉండేదట గంట. చట్టం పోయింది, ఎవరూ వచ్చి అడగలేదు. ఎలకలు తిరిగినప్పుడల్లా మోగేదట. మిగతా కానిస్టేబుళ్ళు నవ్వేవారు, పాంటిన్, నీ షౌటర్ పిలుస్తోందిరా అని. ఇంటికి తెచ్చి గుడ్డ చుట్టా, చుట్టినా వినపడేది, ఇంకేం చెయ్యను, వెళ్ళా అన్నాడు.

కాఫీ ఇచ్చాను. చెయ్యి ఇవ్వలేదు. ఆయనా చాచలేదు. నా కోపం పోలేదు. పోవాలని ఆయన అడగలేదు కూడా. అది గమనించాను.

మధ్యాహ్నం ఊరికెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చున్నాను, నోట్‌బుక్ తెరిచి. గంట ఎందుకమ్మా అన్నాను. ఇన్నాళ్ళకా అన్నట్టు చూసింది. చర్చి నాలుగు మూలలా మోగిస్తాం, తోవ తప్పినోళ్ళెవరన్నా ఉంటే ఇల్లు ఎటుందో తెలవాలి కదరా అంది. రాసుకున్నాను. చీకటిపడేదాకా రాసుకున్నాను.


మార్చి 20. సోమవారం.

అమ్మ వచ్చింది. తెల్ల గౌను, నీలం ఏప్రన్, తలపాగా, చేతిలో ఇత్తడి చెంబు. పాపా జోబ్ లోపలికి రానని వరండాలో గొడుగుతో నిలబడ్డాడు.

ఇది ప్రపంచ మతాల పుస్తకం కదమ్మా, ప్రపంచం గురించి మీకేమైనా పరిచయం ఉందా అని ఫాదర్ అడిగాడు. తియ్యగా. ఎందుకు లేదు బాబూ, ఇండియా 52లో వెళ్ళా, చైనా 60లో, ఆఫ్రికాకి మూడుసార్లు అంది. గుమాస్తా మినిట్స్‌లో రాసుకుంది. ఎప్పుడో టొరంటో తప్ప ఎక్కడికీ వెళ్ళని సూచిత్ పండిత్ ముందుకు వంగాడు. ఇండియాలో ఏ ఊరు, ఏ ఓడలో వెళ్ళారు అన్నాడు. ఊరి పేరు ఎవరూ చెప్పలేదు నాయనా, ఏటి ఒడ్డున ఒక ముసలావిడ బూడిదతో ఇత్తడి తోముతోంది, నా చేతికి చెంబిచ్చి ఎప్పుడూ ఖాళీగా ఉంచకమ్మా అంది, అంతే అంది అమ్మ.

మా నాయనమ్మ, మా ఆజీ, బూడిదతోనే తోమేది అన్నాడు పండిత్, ఎవరితోనో.

నేను చెప్పి ఉండాల్సింది. అమ్మ ఈ దీవి దాటలేదు, వెళ్ళిందంతా దీక్షలో, ఆత్మలో. కళ్ళకు పట్టీలు, మట్టినేల, ఏడు రోజులు, రొట్టె లేదు, అదీ ఆ ఓడ. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. అమ్మే చెప్పేసింది. ఓడెక్కడిది నాయనా, మా చర్చి వెనక గదిలో నేల మీద పడుకుని వెళ్ళా, చెంబు మాత్రం లేచాక ప్రిన్సెస్ టౌన్‌లో కొనుక్కున్నా అంది.

గుమాస్తా పెన్ను ఎత్తి, కొట్టెయ్యమంటారా సార్ అని ఫాదర్‌ని అడిగింది. ఉండనీ అన్నాడు పండిత్. గట్టిగా అన్నాడు.

ఇక చార్ట్. స్థాపకుడెవరమ్మా అన్నాడు ఫాదర్. మొదట మోకరించినోళ్ళెవరో వాళ్ళు, నాకు పేరు తెలవదు, ఖాళీగా ఒదిలెయ్యి అంది. గడి ఖాళీగా ఉండకూడదు తల్లీ అన్నాడు. ఉంచు బాబూ, ఖాళీ ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటార్లే అంది.

చాప్టర్ ఇప్పుడు ఇరవై పేజీలు. అమ్మ పాంటిన్ పేరు ఉన్న రెండు చోట్లా వేలు ఆపింది. నావైపు చూసింది. కిటికీలోంచి గొడుగు వైపు చూసింది. సంతకం పెట్టింది, ఇస్మే జోఫీల్డ్ అని, ఒక్కో అక్షరం.

ఫాదర్ మా ఇద్దరి ఇంటిపేరు అప్పుడు చూశాడు. నవ్వలేదు.

మా చాప్టర్లో మా కానిస్టేబుల్ ఉన్నాడు, మీ చాప్టర్లలో మీ కానిస్టేబుళ్ళు ఏరీ అన్నాను. ఇమామ్ ఒక్కడే తన పేజీ వెనక్కి అడిగి తీసుకున్నాడు, ఇంట్లో మళ్ళీ చూస్తానని. చూస్తే చూస్తాడు.


జూన్ 2. శుక్రవారం. ఫిఫ్త్ కంపెనీ.

ప్రూఫులొచ్చాయి. డబ్బా లేదు. పాంటిన్ రెండుసార్లు ఉన్నాడు. చార్ట్‌లో ఆరో వరస: స్పిరిచువల్ బాప్టిస్టులు. స్థాపకుడు: ఆల్‌రిక్ జోఫీల్డ్.

ఎవరికో ఖాళీ గడి నచ్చలేదు. ఫైలు మీద ఉన్న నా పేరు అందులో వేసేశారు.

ఊరి దుకాణం నుంచి శాఖకి ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. అమ్మ పొద్దుటి నుంచీ నవ్వుతూనే ఉంది. పాపా జోబ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఓ ప్రవక్తా, చెంబులో నీళ్ళయిపోయాయి అంది.

నింపాను.