బీగం అని అడిగాను

కొండాపూర్,
ఆదివారం.

అక్కకు నమస్కారాలు. నువ్వూ బావా కులాసాయే కదా? పాప దగ్గు తగ్గిందా? నా ఒంట్లో బాగానే ఉంది, దిగులుపడకు. ఫోన్లో నా గొంతు వింటే కంగారుపడతావని రాస్తున్నాను.

హాస్టల్ సాంబారు తియ్యగా ఉంటుంది, అయినా తింటున్నాను. బావ ఇటు వస్తే చెనిక్కాయల పొడి పంపు.

నా పని నీకు తెలుసు. బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లల తెలివిని కొలిచే పెద్ద పరీక్షకు రెండు గంటలు పడుతుంది, చిన్నదానికి ఇరవై నిమిషాలు. ఒకే పిల్లకు రెండూ పెట్టి, చిన్నదాన్ని నమ్మొచ్చా అని చూస్తున్నాం. నమ్మొచ్చని తేలితే రేపు బడుల్లో అదొక్కటే పెడతారు.

సోమవారం ఖాజాగూడ నుంచి శిరీష వచ్చింది. పదిహేనేళ్లు. తల్లి యాదమ్మ తెల్లాపూర్‌లో ఇళ్లల్లో పని చేస్తుంది. చిన్న పరీక్ష నేనే పెట్టాను. వరుసగా మూడు తప్పితే ఆపేయాలి. రెండు చెప్పలేకపోయింది. మూడోది అడిగితే నా మొహం చూస్తూ కూర్చుంది. ఆపేశాను.

బుధవారం పెద్ద పరీక్ష ఇంకొకావిడ పెట్టింది. బయట యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“మేడం, మా పిల్లను బడిలకెళ్లి తీసేస్తరా ఏంది?”

“దీనికీ బడికీ సంబంధం లేదమ్మా.”

“పిల్ల మంచిగనే చేస్తది మేడం. నేను పనికి పోతే ఇంటికి తాళం ఏసేది గిదే.”

అప్పుడు తట్టింది అక్కా. పుస్తకంలో మూడో ప్రశ్నలో ఉన్న మాట తాళం. నేను అడిగింది బీగం. తాళాన్ని మన ఇంట్లో అనే మాటే నోటికొచ్చేసింది, ఇక్కడి పిల్లకు అదేం తెలుస్తుంది?

సాయంత్రం మా పై అధికారి మాలతి మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. పెద్దదాంట్లో శిరీష ఎంతో నయంగా చేసింది.

“చిన్న పరీక్ష ఈ పిల్లలకి పనికిరాదేమోనమ్మా” అంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం పోతుందేమో అనిపించింది. అయినా బీగం సంగతి చెప్పేశాను.

ఆవిడ నా కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. “ఇంతకుముందు పిల్లల్నీ ఇలాగే అడిగావా?”

“గుర్తులేదు మేడం.”

అదే నిజం. తిట్టలేదు, పనిలోంచి తీసేయలేదు. కానీ నేను పరీక్ష పెట్టిన పిల్లల కాగితాలన్నీ పక్కన పెట్టించింది. వాటిని చూసినా ఏమీ తేలదు. మేం జవాబులు రాస్తాం గానీ, ఏ మాటతో అడిగామో రాయం.

నిన్న యాదమ్మకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. “అయితే మా పిల్లకు తెల్వక కాదు గద?” అని మూడుసార్లు అడిగింది. కాదమ్మా, కాదమ్మా అన్నాను.

మిగతా తల్లులకు ఏమని చెప్పాలో తెలియక భయంగా ఉందక్కా.

అమ్మకు దండాలు. ఇవేవీ ఆమెకు చెప్పకు. నాకు ధైర్యం రావాలని దీవించు.

నీ చెల్లెలు,
భారతి