అమ్మ కూలి ఏ ఖాతాలో?

యానాం, 1986 ఫిబ్రవరి, మంగళవారం

సొంత వ్యాపారంలో యజమాని చేసే పనికి కూలి ఖర్చుగా రాయకూడదట, లాభమే ప్రతిఫలమట! అకౌంట్స్ పుస్తకం అంతే చెబుతుంది. ఎండలో చేపలు ఆరబెట్టే మనిషి కష్టాన్ని లాభమనడం దగా అని క్లాసులో పాఠం చెబుతూ బల్ల గుద్ది మరీ వాదించాను.

దరియాలతిప్ప నుంచి చదువుకోడానికొచ్చే సత్యవతి నా మాట నమ్మింది. పరీక్షలో వాళ్లమ్మ ఎండుచేపల వ్యాపారానికి ఖాతా వేసి, ఖర్చుల వైపు "అమ్మ కూలి" అని రాసింది. పేపరు దిద్దిన తోటి లెక్చరర్ సున్నా చుట్టాడు. "మీ ఉపన్యాసాలకి మార్కులుండవండీ" అని నవ్వాడు కూడా.

సాయంత్రం ఆ పిల్ల నోట్సు పట్టుకుని వచ్చింది.

"మాస్టారండీ, పబ్లిక్ పరీక్షలో మీరు చెప్పింది రాయమంటారా, పుస్తకంలోది రాయమంటారా? తప్పితే చేపల బుట్ట నెత్తిన పెడతానంటోందండి మా అమ్మ."

నేను రాసే కరపత్రాల్లో ఎవడికీ తల వంచనివాణ్ణి.

"పుస్తకంలోదే రాయమ్మా" అన్నాను.

"మరైతే మీరు చెప్పింది తప్పాండీ?"

"తప్పు కాదు."

సత్యవతి పెన్ను తీసింది. నోట్సులో "అమ్మ కూలి" మీద స్కేలు పెట్టి తిన్నగా గీత కొట్టేసింది.

కొట్టివేత అలా శుభ్రంగా ఉండాలని నేర్పింది కూడా నేనే.