తిరుమణి ఇమానం బయలు

1946 మార్చి 11, సోమవారం

ఇన్నేళ్లూ నల్లబల్ల మీద రాశాను, సాయంత్రానికి గుడ్డతో తుడిచేశాను. నాకోసం ఒక్క ముక్క రాసుకోలేదు. ఈ రోజు చూసింది మాత్రం అలా పోగొట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. ఆయన ఉండి ఉంటే చెప్పుకునేదాన్ని. లేరు. అందుకే కలం పట్టాను.

మా తిరుమణి బయల్లో విమానాలు దిగడానికి చోటు చేస్తున్నారు. రోజూ దిగడానికి కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే విమానానికి దారిలో ఇంజన్ చెడినా, మబ్బు కమ్మినా ఇక్కడ దిగవచ్చు. ఎమర్జెన్సీ ల్యాండింగ్ గ్రౌండ్ అన్నాడు ఓవర్సీయర్ తిప్పేస్వామి. మావాళ్లు అప్పుడే దాన్ని ఇమానం బయలు చేసేశారు. తుప్పలు కొట్టారు, రాళ్లు ఏరారు, నేలంతా చదును చేశారు. నడుమ సున్నంతో పెద్ద వలయం గీశారు. పైనుంచి చూసేవాళ్లకు అదే గుర్తట. ఒక గడకు గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి కట్టారు. మా మరిది ఓబన్నను కావలికి పెట్టారు. ఇంక గొర్లు కాసే పని లేదొదినా, గాలిని కాస్తా కూసుంటా అని ఒకటే నవ్వు.

మార్చి 14

పిల్లలు వెళ్లాక బడిలో మ్యాప్ కింద పరిచాను. ఓవర్సీయర్ చెప్పిన ఊళ్ల మీద చింతపిక్కలు పెట్టాను. కరాచీ, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, హైదరాబాద్, మద్రాసు, బెంగళూరు. పిక్కకూ పిక్కకూ దారం లాగాను. కంబళికి పడుగు పోసినట్టు ఉంది దేశం.

ఇక్కడి నుంచి ఢిల్లీకి ఉత్తరం పోవాలంటే ఎద్దులబండి మీద పావగడ, బస్సులో హిందూపురం, అక్కడ రైలు. జబ్బు మనిషికి మందు రావాలన్నా అదే దోవ. ఇప్పుడు ఆ దూరమంతా ఒక్క పగటి పని అయిపోతోంది. దీన్ని తలపెట్టిన వాళ్లెవరో, వాళ్ల బుద్ధికి దండం పెట్టాలి.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం వేరే సంగతి. తలమీద మోపు మోసేవాళ్లు దించుకోవాలని మన పెద్దలు దోవ పక్కన ఎత్తు అరుగులు కట్టించారు. ఆకాశంలో అరుగు కట్టలేరు కదా. అందుకని నేల మీద చోటు చేస్తున్నారు. ఎప్పుడో, ఎవరికో అవసరం పడుతుందని. ఇది ధర్మమే.

మ్యాప్‌లో తిరుమణి లేదు. అంచనాగా ఒక ఆవగింజ పెట్టాను.

ఏప్రిల్ 2

పోయిన వారం ఓబన్న భార్య రంగక్క గొర్లు వరసగా పడిపోయాయి. నోట్లో పుండ్లు, మేత ముట్టలేదు. పాపం, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

మా గొర్లకాపరుల్లో దేవుడి చోటంటే గుడి కాదు. మంద పక్కన ఒక వలయం, చుట్టూ ముళ్లకంప, నడుమ రాయి. ఇమానం బయల్లో సున్నపు వలయం చూసి రంగక్క అదే అనుకుంది. సర్కారోళ్లే సుట్టు గీసి సోటు సూపించినారు గదక్కా, దేవుణ్ణి నిలపకుండా ఉత్తదే ఇడిసిపెడితే ఆయప్పకు కోపం రాదా అంది. తలకాయంత రాయి తెచ్చి వలయం నడుమ నిలిపింది. పసుపు పూసింది. అప్పటి నుంచి గొర్లు చావడం ఆగింది.

నేనూ పోయి దూరం నుంచే దండం పెట్టుకున్నాను. విధవరాలిని, ముత్తైదువలు పూజ చేసే చోటికి దగ్గరగా పోను.

ఏప్రిల్ 19

ఇప్పుడు వలయంలో ఇంటికొక రాయి, చుట్టూ ముళ్లకంప.

ఏప్రిల్ 30

ఓవర్సీయర్ వచ్చాడు. ముందు నవ్వాడు, తర్వాత తల పట్టుకుని కూర్చున్నాడు. చక్రం ఆ రాయికి తగిలితే విమానం బోల్తా కొడుతుందట. పెట్రోలు అంటుకుంటే లోపల ఒక్కరూ మిగలరట. పైలట్ పైనుంచి వలయం చూస్తాడు, చూస్తే నేల శుభ్రమని నమ్మి దిగుతాడు, అంతే మేష్ట్రమ్మా అన్నాడు. ఎవరో ముఖం తెలియని మనిషి మా సున్నాన్ని నమ్ముతాడు. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

ఓబన్న రాళ్ల మీద చెయ్యి వేయనన్నాడు. పని పీకేసినా సరే, పెండ్లాం పిల్లోల్లు ఉండారొదినా నాకు అన్నాడు. రంగక్క నా వైపు చూడకుండా, సదివినోళ్లకి దేవుడు గూడా రాయేలే అంది.

నాకు గట్టిగా మాట్లాడటం రాదు. పెద్దల ముందు మెల్లగా ఒక్కటే అడిగాను. మంద వేరే చోటికి కదిలితే దేవుణ్ణి ఏం చేస్తాం? ఏం జేస్తాం, కంబళ్లో పెట్టుకోని ఎంబడి తీసకపోతాం అన్నాడు ఎర్రప్ప మామ. మరి మంద లేని బయల్లో ఆయప్పను ఒంటరిగా ఎందుకు కూర్చోబెట్టాము మామా అన్నాను. చివరికి ఎర్రప్ప మామ, అమ్మి సెప్పేదాంట్లో న్యాయముండాది అన్నాడు. అయితే ఒక్కపొద్దు ఉన్న మగవాడే ఎత్తాలి, డప్పు ముందు నడవాలి. మే పదమూడు సోమవారం మంచిదని పెట్టారు. ఓవర్సీయర్ కూడా సరేనన్నాడు. అంతదాకా ఏ విమానానికీ ఏమీ కాకూడదని రోజూ మొక్కుకుంటున్నాను.

మే 9, సాయంత్రం

అక్షరాలు కుదరడం లేదు.

మధ్యాహ్నం నేనూ రంగక్కా ఓబన్నకు కూడు తీసుకుపోతున్నాము. పడమట నల్లగా కమ్మింది, దుమ్ము లేచింది. ఆ దుమ్ములో రొద. తలెత్తితే విమానం. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు. బయలు చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

ఓబన్న తన పని మరిచిపోలేదు, గాలి తెలిసేట్టు పొగ వేశాడు. ఆ తర్వాత రాళ్ల వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఒదినా, ఈ పొద్దు బేస్తవారం, సోమారం గాదు గదా అన్నాడు. పసిపిల్లవాడు అన్నట్టు అన్నాడు.

నేను అన్నం తిని ఉన్నాను. స్నానం పొద్దున ఎప్పుడో చేసింది. విధవను. అన్నీ గుర్తున్నాయి. అయినా కంప పక్కకు లాగాను. ఓబన్న భుజం మీది కంబళి లాక్కుని కింద పరిచాను. స్వామీ, నీ మందలో కొందరు పైన చిక్కుకున్నారు, రా అనుకుని పసుపు రాయిని రెండు చేతులా ఎత్తాను. రంగక్క అరుస్తూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నా గొర్లక్కా, నా గొర్లు పోతాయక్కా అని ఏడ్చింది. అప్పుడే విమానం మా నెత్తి మీదుగా చాలా కిందికి వచ్చి పోయింది. వరసగా కిటికీలు. కిటికీల్లో ముఖాలు.

రంగక్క చెయ్యి వదిలేసింది. లోపల మనుసులుండారే అంది. అంతవరకు ఆమెకు ఆ సంగతి తట్టలేదు. తరువాత వట్టి చేతులతో కంప ఈడ్చింది. మోచేతుల దాకా నెత్తురు. ఓబన్న కూడా కదిలాడు. రాళ్లన్నీ కంబళిలో వేసి ముగ్గురం లాక్కుని పరుగెత్తాము.

దిగింది. నేలను ముట్టుకున్నప్పుడు చిన్నగా ఎగిరి, మళ్లీ కూర్చుని, వలయం మీదుగా పోయి ఆగింది. అంత పెద్దది. నేను నారాయణా అన్నాను.

మే 10

ప్రయాణికులు రాత్రి బడిలో పడుకున్నారు. చంటిబిడ్డ తల్లి ఒకావిడ ఉంది, బిడ్డకు ఏమీ తెలియదు, నిద్రలోనే దిగాడట. పైలట్ కుర్రవాడే. రాగి అంబలి రెండు చెంబులు తాగాడు. గ్రౌండ్ ఎవరు ఇంత బాగా చూసుకుంటారని అడిగితే ఓబన్న సిగ్గుపడి మమ్మల్ని చూపించాడు.

నిన్న పావగడ నుంచి తంతి కొట్టారు. ఈ రోజు ఎండ ఎక్కకముందే బెంగళూరు నుంచి చిన్న విమానం మెకానిక్‌నూ సామానునూ తెచ్చింది. ఎవరెవరు ఎక్కడెక్కడ మేలుకుని దీన్ని నడిపించారో. టపా సంచులు చేత్తో తాకి చూశాను. మధ్యాహ్నానికి రెండూ ఎగిరిపోయాయి. ఊరంతా చేతులు ఊపింది. రంగక్క రాలేదు.

మే 13

పెద్దలు డప్పుతో దేవుణ్ణి మంద దగ్గర నిలిపారు. మైల తీయడానికి పసుపునీళ్లు చల్లారు. నన్ను రావద్దన్నారు. ఇంట్లోనే దీపం పెట్టుకున్నాను.

మే 27

రంగక్క గొర్లు మళ్లీ పడిపోతున్నాయి. పశువుల డాక్టరు కోసం మధుగిరికి కబురు పంపాను. ఆమె నాతో మాట్లాడదు. ఎదురైతే పక్కకు తిరిగిపోతుంది. నేను తప్పు చేశానా అని స్వామిని అడగబోయి, విమానంలో దిగిన ఆ చంటిబిడ్డ నిద్ర గుర్తుకొచ్చి, అడగలేదు.

జూన్ 8

వానకు సున్నం కరిగిపోయింది. ఓబన్నకు జ్వరం. బయలుకు పోతే రంగక్క ఒక్కతే వలయం గీస్తోంది. చెప్పులు గీత బయట విడిచింది. నేనూ విడిచి లోపలికి పోయాను. వద్దనలేదు. సున్నం తట్ట నా వైపు జరిపింది.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా పారేయకండి. ఎవరికీ చూపించకండి.